క్యాన్సర్ మందును గురిచూసి చేర్చే పరిశోధన: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బయోటెక్నాలజీలో పీజీ చేస్తున్నాను. క్యాన్సర్ మందును నేరుగా కణితికే చేర్చే పరిశోధనలో స్థిరపడాలన్నది నా కోరిక. ఆ రంగంలోని శాస్త్రజ్ఞులు నిజానికి రోజూ చేసే పని ఏమిటి? కొత్త మందు కనిపెట్టాలా? ఒక ఆలోచన రోగి దాకా చేరేసరికి ఎంతకాలం పడుతుంది?
– ఒక విద్యార్థిని

జవాబు: కొత్త మందు కనిపెట్టనక్కరలేదు. ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవారిలో చాలామంది అప్పటికే వాడుకలో ఉన్న మందునే తీసుకొని, శరీరంలో అది నడిచే దారిని మార్చారు. మామూలు కీమోథెరపీ మందుకు క్యాన్సర్ కణమన్నా, వేగంగా విభజన చెందే మంచి కణమన్నా ఒకటే కాబట్టి జుట్టు రాలడం, నోటిపూత, రక్తకణాలు తగ్గిపోవడం తప్పవు. యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియాను కొంతకాలమైనా అదుపు చేయవచ్చునని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ తరం వెతికింది ఏ మందు పనిచేస్తుందని. మీరు అడుగుపెట్టాలనుకుంటున్న రంగం అడిగేది ఆ మందు ఎక్కడికి, ఎంత, ఎంతసేపు చేరుతుందని.

రోజువారీ పని ఎలా ఉంటుందో తెలియాలంటే డాక్సోరుబిసిన్ అనే కీమోథెరపీ మందు కథ చాలు. ఈ మందు గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది కనుక ఒక రోగికి జీవితం మొత్తంలో ఇవ్వదగిన మోతాదుకు హద్దు ఉంది. కణాల పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వులను నీటిలో కలిపితే అవి తమంతట తామే లైపోజోములనే సూక్ష్మమైన బుడగలుగా ఏర్పడతాయని 1960లలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు అలెక్ బాంగమ్ చూపించిన తరువాత, వాటిలో మందు నింపి పంపాలన్న ఆలోచన పుట్టడానికి ఎంతో కాలం పట్టలేదు. కష్టమంతా నింపడంలోనే వచ్చింది. జెరూసలేంలో యెహెజ్కేల్ బారెన్‌హోల్జ్, అల్బర్టో గాబిజోన్‌ల బృందం మొదట తయారుచేసిన రూపంలో మందు బుడగ లోపలికి కాక దాని కొవ్వు పొరలోకి చేరి, రక్తంలో పడగానే కారిపోయేది. మిగిలిన బుడగలను కాలేయం పట్టేసేది. రోగులపై పరీక్షల్లో అది నిలవలేదు.

తరువాత వాళ్లు చేసిన పని రసాయనశాస్త్రం చదివిన వారెవరికైనా ముచ్చట గొలుపుతుంది. ముందు బుడగల లోపల అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం ఉంచి, బయట దాన్ని లేకుండా చేసి, అప్పుడు మందును బయట కలిపి వేడి చేస్తారు. విద్యుదావేశం లేని మందు అణువు పొరను దాటి లోపలికి వెళుతుంది. లోపలి ఆమ్లత్వం వల్ల ఆవేశం పొందుతుంది. ఇక వెనక్కి రాలేదు. సల్ఫేటుతో కలిసి సన్నని కడ్డీలాంటి స్ఫటికంగా గట్టిపడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే సుమారు 100 నానోమీటర్ల బుడగ, నడుమ గీతతో, అచ్చం కాఫీ గింజలా కనిపిస్తుంది. రక్తంలోని భక్షక కణాలు దాన్ని వెంటనే పట్టేయకుండా పైన పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత వేశారు. డాక్సిల్ పేరుతో 1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందినది ఇదే. గుండెకు హాని తగ్గింది. అయితే చాలాసేపు రక్తంలో తిరిగే మందు చర్మానికీ చేరడంతో అరచేతులు, అరికాళ్లు ఎర్రబారి పొక్కే బాధ ఎక్కువైంది. దారి మారిస్తే హాని కూడా కొంత చోటు మారుతుందన్నమాట.

అందుకే ఈ శాస్త్రజ్ఞుల సమయంలో అధికభాగం తయారీకి కాక కొలతకే పోతుంది. ఎలుకకు మందు ఇచ్చిన కొన్ని గంటల తరువాత కణితినే కాక కాలేయం, ప్లీహం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, గుండె అన్నిటినీ విడివిడిగా తూచి, నూరి, ఒక్కొక్కదానిలో మందెంత చేరిందో లెక్కగట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ అసలు నిజం అక్కడే తెలుస్తుంది. టొరంటోలో వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్ల పరిశోధన పత్రాలను జల్లెడపట్టి, ఎక్కించిన నానోకణాలలో (లైపోజోముల వంటి అతిసూక్ష్మ మందు వాహకాలలో) కణితికి చేరేది మధ్యగత విలువగా 0.7 శాతమేనని 2016లో ప్రకటించింది. లెక్కగట్టిన పద్ధతిపై వాదనలు వచ్చినా, ఆ అంకె ఈ రంగాన్ని కుదిపింది. కణితి రక్తనాళాల సందుల్లోంచి నానోకణాలు లోపలికి జారుకుంటాయని 1986లో జపాన్ శాస్త్రజ్ఞులు మత్సుమురా, మయేదా చేసిన ప్రతిపాదన నుంచి అందరూ నమ్ముతూ వచ్చారు. జంతువుల కణితులలో 97 శాతం దాకా నానోకణాలు సందుల్లోంచి కాక రక్తనాళపు కణాల గుండానే వెళుతున్నాయని అదే టొరంటో బృందం 2020లో చూపించింది. మీరు పీహెచ్‌డీకి ప్రయోగశాలను ఎంచుకునేటప్పుడు, వాళ్ల పత్రాలలో కణితి పట్టికతో పాటు కాలేయం పట్టిక కూడా ఉందో లేదో చూడండి. దాన్ని దాచేవారి దగ్గర నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదని నా అభిప్రాయం.

ఇక కాలం మాట. రసాయన ఇంజనీరైన రాబర్ట్ లాంగర్, శస్త్రవైద్యుడు జుడా ఫోక్‌మన్‌తో కలిసి, పాలిమర్లలోంచి పెద్ద అణువులను సైతం నెమ్మదిగా విడుదల చేయవచ్చునని 1976లో ప్రచురించారు. అది సాధ్యం కాదని అప్పటి నిపుణులు అనుకునేవారు. లాంగర్ తొలి తొమ్మిది గ్రాంటు దరఖాస్తులూ తిరస్కరణకు గురయ్యాయి. మెదడు కణితిని తీసేసిన చోట శస్త్రవైద్యుడు స్వయంగా అమర్చే గ్లియాడెల్ బిళ్లలకు, అంటే కార్ముస్టిన్ అనే క్యాన్సర్ మందు నింపిన పాలిమర్ బిళ్లలకు, అనుమతి వచ్చింది 1996లో. నడుమ ఇరవై ఏళ్లు. జీవితకాలమంతా కాకపోయినా, ఉద్యోగ జీవితంలో సగమని అనుకోవచ్చు.

ప్రశ్న: ఈ రంగంలోకి రావాలంటే వైద్యం చదవాలా, ఫార్మసీయా, ఇంజనీరింగా?
– ఒక పాఠకుడు

జవాబు: పై జవాబులోని వారినే చూడండి: లాంగర్ ఇంజనీరు, ఫోక్‌మన్ శస్త్రవైద్యుడు, బారెన్‌హోల్జ్ జీవరసాయనవేత్త, గాబిజోన్ క్యాన్సర్ వైద్యుడు. ఏ దారిన వచ్చినా ఫార్మకోకైనటిక్స్ (మందు శరీరంలో ఎలా కదులుతుందో, ఎంతసేపు ఉంటుందో లెక్కగట్టే శాస్త్రం), గణాంకశాస్త్రం నేర్చుకోక తప్పదు.

ప్రశ్న: మా అమ్మగారికి యాంటీబాడీకి మందు జోడించిన ఇంజెక్షన్ ఇస్తామని డాక్టరు గారు చెప్పారు. ఇది క్యాన్సర్ కణాలనే వెతుక్కుంటూ వెళుతుందంటే, దుష్ప్రభావాలు ఉండవని అనుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అలా అనుకోకండి. ఇందులో మూడు భాగాలుంటాయి: క్యాన్సర్ కణం పైనున్న ఒక ప్రొటీనును గుర్తుపట్టే యాంటీబాడీ, మామూలుగా ఇవ్వలేనంత తీవ్రమైన మందు, ఆ రెంటినీ కలిపే రసాయన బంధం. బంధం రక్తంలోనే తెగితే మందు ఊరంతా తిరుగుతుంది. కణం లోపల కూడా తెగకపోతే పనే జరగదు. పైగా యాంటీబాడీ వెతికే ప్రొటీను కొద్దిపాటి మంచి కణాలపైనా ఉండవచ్చు. కొన్ని రొమ్ము క్యాన్సర్ల కణాలపై ఎక్కువగా ఉండే హెర్2 ప్రొటీనును లక్ష్యం చేసుకున్న ట్రాస్టుజుమాబ్ ఎమ్టాన్సిన్ 2013లో అనుమతి పొందింది. దాని ఒక్కో యాంటీబాడీకి సగటున మూడున్నర మందు అణువులుంటాయి. తరువాత వచ్చిన ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్‌లో సుమారు ఎనిమిది ఉంటాయి, ఆ మందు పక్క కణాలలోకీ పాకి వాటినీ చంపగలదు. బలం అదే, జాగ్రత్త అవసరమైనదీ అందుకే. దీనితో కొందరికి ఊపిరితిత్తుల వాపు వస్తుంది కనుక, పొడిదగ్గు గానీ ఆయాసం గానీ కొత్తగా మొదలైతే తరువాతి ఇంజెక్షన్ దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మోతాదు ఎంత ముఖ్యమో ఈ తరగతిలో మొదటిదైన, ఒక రకం ల్యుకేమియాకు వాడే మైలోటార్గ్ చూపించింది. 2000లో అనుమతి పొందిన ఆ మందు, తరువాతి పరీక్షల్లో ప్రయోజనం కనబడకపోగా తొలి మరణాలు ఎక్కువ కావడంతో 2010లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. అదే అణువును తక్కువ మోతాదులుగా విడగొట్టి ఇచ్చే పద్ధతిలో 2017లో మళ్లీ అనుమతించారు. కాబట్టి మీ అమ్మగారి విషయంలో మోతాదు తగ్గించినా, ఒక విడత వాయిదా వేసినా, చికిత్స విఫలమైందని కంగారు పడకండి. అది ఈ మందులు వాడే తీరులో భాగమే.