క్రోమ్‌లో అక్షరాలు మసకగా, అంచులు గరుకుగా కనిపిస్తుంటే ఏం చేయాలి?

విండోస్ సెర్చ్‌లో క్లియర్‌టైప్ అని కొట్టి, 'అడ్జస్ట్ క్లియర్‌టైప్ టెక్స్ట్' ఓపెన్ చేసి ఆన్ చేయండి, వచ్చే శాంపిల్స్‌లో మీ కంటికి నీట్‌గా ఉన్నవి సెలెక్ట్ చేసుకుంటూ పోయి, క్రోమ్ మొత్తం మూసి మళ్లీ తెరవండి. మామూలు ఎల్‌సీడీ స్క్రీన్‌లో ఒక్కో పిక్సెల్‌లో, అంటే ఒక్కో చుక్కలో, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలుంటాయి, క్లియర్‌టైప్ వాటిని విడివిడిగా వాడి అక్షరం అంచుని నున్నగా చేస్తుంది, అది లేకపోతే చిన్న సైజులో 'లక్ష్మి' కింద వత్తు చూడండి, ముద్దైపోయి ఉంటుంది. స్క్రీన్ రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా ఎన్ని పిక్సెల్స్ అనే సెట్టింగ్) తప్పుంటే మాత్రం ఇదేం పనిచేయదు: 1920×1080 మానిటర్‌ని 1366×768లో పెడితే బొమ్మ సాగి అంతా మసకే, రికమెండెడ్ అని ఉన్నదే పెట్టాలి. చాలామంది ఫాంట్ పాడైందనుకుని బ్రౌజర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, దండగ పని, క్లియర్‌టైప్ సెట్టింగ్ బ్రౌజర్ తీసుకునేది విండోస్ నుంచే.