భర్త పోయాక ఇంట్లో సామాన్లు తగ్గించుకోవడం దేవునిపట్ల కృతజ్ఞత లేకపోవడమా?

వందనాలు సిస్టర్. మీ వారు ప్రభువు దగ్గరికి వెళ్ళాక అంత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారనీ, పిల్లలు సామాన్లు తగ్గించమంటున్నారనీ రాశారు. దేవుడిచ్చినవి తీసేస్తే కృతజ్ఞత లేనట్టు కాదా అని అడిగారు. నాకు డెబ్బై దాటాయి. తెనాలిలో సొంత ఇల్లు వదిలి అమ్మాయి ఇంటి దగ్గర రెండు గదుల పోర్షన్‌లోకి వచ్చినప్పుడు ఇదే ప్రశ్న నన్నూ నిద్రపోనివ్వలేదు.

నాకు దారి చూపించింది దొర్కా, పేదలకు మేలు చేసిన ఆ శిష్యురాలు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం మళ్ళీ చదవండి. యొప్పేలో ఆమె చనిపోతే విధవరాండ్రు పేతురు దగ్గర నిలబడి, ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ చూపించి ఏడ్చారు. ఆమె ఇంట్లో ఏం మిగిలిందో అక్కడ ఒక్క ముక్క లేదు. దేవుడిచ్చింది మన చేతులమీదుగా ఇంకొకరికి చేరడం కూడా ఆయనకి కృతజ్ఞత చెప్పడమేనని నాకు ఆ భాగం చదివాకే ధైర్యం వచ్చింది.

"ఇది నాకు కావాలా?" అని అడిగితే ప్రతి గిన్నే కావాలనిపిస్తుంది. "ఇది ఎవరికి కావాలి?" అని అడగండి. మనిషి గుర్తొస్తే ఆ వస్తువు ఇవ్వడం కష్టమనిపించదు. క్రిస్మస్‌కి వండే పెద్ద డేగిసాలు, గరిటెలు చర్చి వంటగదికి ఇచ్చాం. ఇప్పుడు ప్రేమవిందులకు వాటిల్లోనే వండుతున్నారు. పెళ్ళికొచ్చిన స్టీలు సామాను చర్చిలో కోత పండుగ వేలంలో పెట్టాం. బంధువుల పేర్లు చెక్కిన గిన్నెలు అమ్మడమేంటని మా ఆడపడుచు నొచ్చుకుంది, చివరికి రెండు గిన్నెలు తనే పాడుకుంది.

మా వారి బట్టలు మాత్రం చాలాకాలం ముట్టుకోలేకపోయాను. మీరూ తొందరపడకండి. "పరలోకంలో కలుస్తారు కదా, ఇంకా ఇవెందుకు" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. చనిపోయిన లాజరును బ్రతికించి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అక్కడ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ బీరువా తెరిచిన రోజు మా అమ్మాయి పక్కనే కూర్చుంది. మంచి చొక్కాలు ఉతికి, ఊడిన గుండీలు కుట్టి, ఇస్త్రీ చేయించి ఇచ్చాం. చిరిగినవి నేల తుడవడానికి ఉంచుకున్నాం. కుంటి పశువునీ రోగమున్నదాన్నీ అర్పణగా తెస్తున్నారని మలాకీ ప్రవక్త గద్దించింది యాజకుల్నే. అయినా పనికిరానివి పేదవాళ్ళకిచ్చి దానం అనుకునే మనకీ ఆ మాట తగులుతుంది.

అన్నీ ఇచ్చేయాలని లేదు. పౌలు చివరి రోజుల్లో చెరసాల నుంచి తిమోతికి రాస్తూ, త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు. నేను మా వారి బైబిల్ ఉంచుకున్నాను, అంచుల్లో ఆయన పెన్సిల్ రాతలున్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం కూడా. ఏటా జనవరి ఒకటిన వచ్చే వాగ్దాన కార్డులు, వాక్యం ఉన్న పాత క్యాలెండర్లు తీసేయాలంటే మనలో చాలామందికి భయం. ఆ అట్టముక్కతో పాటు వాక్యం పోదు సిస్టర్, ధైర్యంగా తీసేయండి. పాత బైబిళ్ళ మొదటి పేజీల్లో పుట్టినరోజులు, బాప్తిస్మం తేదీలు రాసి ఉంటే మాత్రం వాటికి ఫోటో తీసి పిల్లలకి పంపండి.

ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి. "నీ యిల్లు చక్కబెట్టుకొనుము" అని జబ్బుపడిన హిజ్కియా రాజుకి దేవుని దగ్గర నుంచి వచ్చిన మాటను (యెషయా 38:1) నేను గిన్నెల వరకే తీసుకోలేదు, విల్లు కూడా రాశాను. మన క్రైస్తవులకి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. మీ వారు విల్లు రాయకుండా వెళ్ళి ఉంటే, ఆయన ఆస్తిలో మూడో వంతు మీది, మిగతా రెండు వంతులు పిల్లలవి. ఇల్లు ఆయన పేరున ఉంటే ముందు ఒక లాయరుతో మాట్లాడండి. మీ విల్లుకి ఇద్దరు సాక్షులు కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. ఆస్తి పొందేవాళ్ళని గానీ, వాళ్ళ భార్యని లేదా భర్తని గానీ సాక్షిగా పెట్టకండి. పెడితే వాళ్ళకి రాసిన భాగం చెల్లదు.