‘స్పెషల్ డే’ వద్దు, వాళ్ల మామూలు క్లాసులో రెండు సీట్లు అడగండి

మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లతో పనిచేస్తున్నాం, దగ్గర్లోని లైబ్రరీ, సంగీతం క్లాసు, ఆటల క్లబ్బు లాంటివాటితో కలవాలంటే ఎలా అని అడిగారు. ఇలాంటి కేంద్రంలో నేను ఆరేళ్లు కోఆర్డినేటర్‌గా చేశాను. మొదటి ఏడాది చేసిందంతా తప్పే.

సంస్థల పెద్దలకు ఉత్తరాలు రాశాను. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు: ‘‘మీ పిల్లల కోసం ఒక రోజు కేటాయిస్తాం.’’ ఆ రోజు చప్పట్లు, బహుమతులు, ఫొటోలు. మర్నాటి నుంచి ఎవరి దారి వాళ్లది. అన్నట్టు, మా ‘పిల్లల్లో’ అందరికంటే చిన్నవాడికి 24 ఏళ్లు. ఈ మాట దగ్గరే మొదలుపెట్టండి. పేరు పెట్టి, ‘మీరు’ అని పిలవమని ముందే చెప్పండి. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అయినా చెప్పండి.

రెండో ఏడాది ఒక్క సంస్థనే పట్టుకుని, అప్పటికే వారంవారం నడుస్తున్న క్లాసులో రెండు సీట్లు అడిగాను. ఏ క్లాసో మావాళ్లనే అడిగాం. బొమ్మలు వేయడానికి వెళ్తుందని మేం అనుకున్న ఆవిడ పాటల బృందం కావాలంది.

మాట్లాడాల్సింది పాఠం చెప్పే మనిషితో. ‘‘ఫిట్స్ వస్తే నేనేం చేయాలి?’’ అన్నదే ఆ టీచర్ టెన్షన్. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 30వ అధికరణం సంస్కృతి, వినోదం, ఆటల్లో సమాన హక్కు గురించే చెబుతుంది. దరఖాస్తులో రాయడానికి అది పనికొస్తుంది గానీ, ఆవిడ భయం తీర్చదు. ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఒక్క పేజీలో రాసిచ్చాక కుదుటపడింది. ఫొటోలకు అనుమతి సంగతీ అందులోనే రాశాం: ఇంట్లోవాళ్లు సరే అంటే చాలదు, ఆ మనిషినే అడగాలి.

చేరబోయేవాళ్లను వెంటబెట్టుకుని ఒకసారి ముందే వెళ్లి చూడండి. ఒకచోట ‘ర్యాంప్ ఉంది’ అన్నారు. వెళ్లి చూస్తే అడుగు ఎత్తు మెట్టుకు నాలుగడుగుల చెక్క! 1:12 లెక్కన, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున, పన్నెండు అడుగులుండాలి.

తోడు వెళ్లే మనిషి పక్కన కూర్చోకూడదు. కూర్చుంటే టీచర్ ‘‘ఈయనకి అర్థమైందా?’’ అని తోడు మనిషినే అడుగుతుంది. మేం మొదట వెనక వరసలో, నెల తర్వాత గది బయట కూర్చున్నాం.

రానూపోనూ బండి సంగతి మాత్రం అన్నిటికంటే ముందు తేల్చుకోండి. మా రెండో క్లాసు ఆగిపోయింది టీచర్ వల్ల కాదు, రాత్రి ఏడున్నరకు తిరిగి తీసుకొచ్చే మనిషి లేక.