సినిమాలు, సీరియళ్లు, కథల్లో పాములు, బల్లులు, కప్పల గురించి చూపించే తప్పుల్లో మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఏది?

కాలి మీద రెండు ఎర్ర చుక్కలు. నా జవాబు అదే.

పాము కరిచిందని చూపించాలంటే మన సినిమావాళ్లు మడమ పైన పక్కపక్కనే రెండు చుక్కలు పెడతారు. కెమెరా వాటి మీదికి వెళ్తుంది. మనిషి కెవ్వుమంటాడు, క్షణాల్లో నోట్లో నురగ, ఒళ్లంతా నీలం. నాగుపాము ఆడమనిషిగా మారినా, పగబట్టి ఊళ్లు దాటి వచ్చినా నాకు పేచీ లేదు. అది కల్పన అని చూసేవాళ్లందరికీ తెలుసు. ప్రతి కాటుకూ ఈ రెండు చుక్కలు ఉంటాయన్నదీ కల్పనే అని చాలామందికి తెలియదు. మా ఇంట్లోనూ తెలియలేదు.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. నేను తిరుపతిలో హైస్కూలు పిల్లలకు బయాలజీ చెబుతాను. తొమ్మిదేళ్ల కిందట ఆగస్టులో, నేను సెలవుకని ఊరికి వెళ్లిన రాత్రి జరిగింది. ఉక్కకు తట్టుకోలేక మా చిన్నమ్మ వసారాలో చాప పరుచుకుని పడుకుంది. రెండు దాటాక కడుపులో నొప్పి అని లేచింది. తిన్నది పడలేదేమోనని అవ్వ వాము నమిలించింది. మళ్లీ పడుకుందామని చాప ఎత్తి దులిపితే, కింద నుంచి రెండు మూరల పాము జారిపోయి వేరుశనగ మూటల వెనక్కి దూరింది. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, దాని మీద సన్నటి తెల్ల గీతలు జంటలు జంటలుగా. కట్లపాము.

చిన్నాయన టార్చి పట్టుకుని ఆమె కాళ్లూ చేతులూ అంగుళం అంగుళం వెతికాడు. గాటు లేదు, వాపు లేదు, మంట లేదు. "కరిచింటే రెండు చుక్కలుండాల గదా. పక్క నుంచి పోయిండాది, అంతే" అన్నాడు. పక్కింటి పెద్దాయన కూడా అదే అన్నాడు. మిద్దె మీద నిద్రపోతున్న నన్ను లేపక్కర్లేదనుకున్నారు. అందరూ మళ్లీ పడుకున్నారు.

నాలుగున్నరకు నేను కిందికి దిగేసరికి చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడడానికి తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తింది. రెప్పలు సగానికి వాలిపోయాయి. నుదురు ముడిచి ముడిచి వాటిని ఎత్తాలని చూస్తోంది, లేవడం లేదు. "నిద్రొస్తా ఉంది నాయనా" అనింది, మాట ముద్దముద్దగా. అలాంటి చూపు గురించి నేను పుస్తకంలో చదివాను. కళ్లారా చూడడం అదే మొదలు.

బండి తీసేలోపే ఒకాయన తువ్వాలు తెచ్చి మోకాలి పైన బిగించబోయాడు, ఇంకొకాయన బ్లేడు కోసం వెతుకుతున్నాడు. కరిచిన చోటే తెలియదు, ఏ కాలికి కడతారు? నేను అరిచి ఆపాను. పెద్దవాళ్ల మీద అరిచినందుకు తర్వాత క్షమాపణ అడిగాను, ఆపినందుకు కాదు. చిన్నాయన బండి నడుపుతుంటే ఆమెను మధ్యలో కూర్చోబెట్టి వెనక నుంచి పట్టుకుని తిరుపతికి తీసుకొచ్చాం.

ఆసుపత్రిలో నర్సు కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కిటికీ గట్టు మీద నిలబెట్టింది. 20 నిమిషాలు ఎవరూ కదిలించకూడదంది. అంత చిన్న గొట్టాన్ని అంతసేపు నేనెప్పుడూ చూడలేదు. తర్వాత వంచి చూస్తే రక్తం గడ్డకట్టి ఉంది. రక్తపింజర కాటైతే చాలాసార్లు గడ్డకట్టక నీళ్లలా కారుతుందట. ఇక్కడ రక్తం బాగానే ఉంది, రెప్పలు వాలాయి, గొంతు పడిపోతోంది. కట్లపామే అని డాక్టరు గారు తేల్చి విరుగుడు మందు ఎక్కించారు. అయినా ఊపిరి అందక నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. బతికింది.

కోలుకున్నాక ఆమె చెప్పిన మాట నేను ప్రతి ఏడూ క్లాసులో చెబుతాను. "మీరు నా తలకాడ నిలబడి మాట్లాడేదంతా వినపడతానే ఉండె. రెప్ప ఎత్తలేక, ఏలు కదిలీలేక పడుకోనుంటి." కట్లపాము విషం నరం నుంచి కండరానికి అందాల్సిన కబురును ఆపేస్తుంది. లోపల మనిషి మెలకువగానే ఉండొచ్చు. బయటి నుంచి చూసేవాళ్లకు నిద్రలా, ఒక్కోసారి చావులా కూడా కనిపిస్తుంది.

దాని కోరలు చిన్నవి. కాటు చాలాసార్లు దోమ కుట్టినంత కూడా తెలియదు. గుర్తు కనబడకపోవచ్చు, వాపు రాకపోవచ్చు. ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. అంటే సినిమా నేర్పిన గుర్తులు ఏవీ లేని కాటే ప్రాణం తీసే కాటు కావచ్చు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. ఏడాదికి సగటున 58 వేలు. వాళ్లలో ఎక్కువమంది పల్లెవాళ్లే.

హీరో నోటితో విషం పీల్చి ఉమ్మే సీను గురించి కూడా చెప్పాలి. విషం అప్పటికే కండలోకి ఇంకిపోయి ఉంటుంది, నోటితో లాగితే రాదు. బ్లేడుతో కోస్తే, కరిచింది పింజర అయితే నెత్తురు ఆగదు. గట్టిగా కడితే కాలే పోవచ్చు. చేయాల్సింది చాలా మామూలు పని, అందుకే సినిమాకు పనికిరాదేమో. మెట్టెలు, గాజులు, ఉంగరాలు తీసేయాలి. ఎముక విరిగినప్పుడు చూసినట్టు కాలో చెయ్యో కదలకుండా చూసుకోవాలి. నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి తీసుకెళ్లనక్కర్లేదు. మన దగ్గర వాడే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒకటే మందు. దాన్ని గుర్రాలకు విషం కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తయారుచేస్తారు. ఆ విషంలో చాలా భాగం మనకు దగ్గర్లోనే, చెన్నై పక్కన 1978లో మొదలైన ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వెళ్తుంది. పాములు పట్టే ఇరుళుల్లో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. సినిమాల్లో పాములు పట్టేవాడంటే మంత్రాలు చదివే మోసగాడో, హాస్యానికి పెట్టిన మనిషో. మా చిన్నమ్మ ఒంట్లోకి ఎక్కిన మందు వెనక అలాంటి చేతులే ఉన్నాయి. వాళ్లను అలా చూపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

పురాణాన్ని నేను ఇందులోకి లాగడం లేదు. శ్రీకాళహస్తి పేరులోనే పాము ఉంది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి ఏనుగు. ఆ పాము శివుడికి మణులు పెట్టి పూజించిందని అవ్వ చెబుతుంటే చిన్నప్పుడు ఎలా విన్నానో ఇప్పుడూ అలాగే వింటాను. అది భక్తి కథ. నాగుల చవితికి ఆమె వెంట పుట్ట దగ్గరికీ వెళ్తాను. కానీ సీరియల్లో పాము గిన్నెలో పాలు తాగినట్టు చూపిస్తే పిల్లలకు చెబుతాను: పాముకు పాలు అరగవు, నీళ్లు లేక ఎండబెట్టిన పామే దాహంతో పాలలో మూతి పెడుతుంది. పుట్ట కూడా అది కట్టింది కాదు. "చీమలు పెట్టిన పుట్టలు పాముల పాలు" అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. కట్టేది చీమలు కాదు చెదలు, అదొక్కటే సవరణ.

ఈ మధ్య కంప్యూటర్‌తో చేసే పాముల్లో ఇంకో తప్పు. భయంగా ఉండాలని నాగుపాముకు పిల్లి కళ్లలా నిలువు గీత పాపలు పెడతారు. నాగుపాము కంటిపాప గుండ్రం. నిలువు పాప పింజరలకు ఉంటుంది, కొండచిలువకు ఉంటుంది. కార్టూన్లలో పాము కన్ను కొడుతుంది, దానికి అసలు రెప్పలే లేవు. నాగస్వరానికి ఊగేది పాట విని కాదు, పాములవాడి చేతిలో కదిలే బుర్రను చూసి. అలాగని అది పూర్తిగా చెవిటిదని చెప్పడమూ తప్పే. బయటికి చెవులు లేకపోయినా నేల అదురు, కొన్ని శబ్దాలు దానికి అందుతాయి. రెండు పాములు పెనవేసుకుని లేస్తే "నాగుపాము, జెర్రిపోతు జత" అని కథల్లో రాస్తారు. చాలాసార్లు అవి రెండూ మగ జెర్రిపోతులు, బలం తేల్చుకుంటున్నాయి.

"తొండ ముదిరి ఊసరవెల్లి అయింది" అని ప్రతి మూడో సినిమాలో ఒక డైలాగు. సామెతగా బాగుంది, నేనూ వాడతాను. కానీ తల ఎర్రబడిన తొండను చూసి ఊసరవెల్లి అని, రక్తం తాగుతుందని రాళ్లేసి చంపే పిల్లలను చూశాను. ఆ ఎరుపు జతకట్టే కాలంలో మగదానికి వచ్చే రంగు. అసలు ఊసరవెల్లి వేరే జాతి. కొమ్మ మీద ఆకు ఊగినట్టు ఊగుతూ ఒక్కో అడుగు వేస్తుంది, రెండు కళ్లూ చెరో వైపు తిప్పుతుంది. మనసు, వేడి, వెలుతురును బట్టి రంగు మారుతుంది తప్ప, కూర్చున్న చీర రంగులోకి మారడం కట్టుకథ.

బల్లి విషం అన్నది కూడా అంతే. సాంబారులో బల్లి పడితే ఆ సాంబారు పారబోయాల్సిందే, ఎందుకంటే దాని ఒంటి మీద రోగక్రిములు ఉండొచ్చు. విషం మాత్రం దానికి లేదు. మా శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉంది. 1870లోనే శాస్త్రజ్ఞుల పుస్తకాలకెక్కి, తర్వాత వందేళ్లకు పైగా ఆచూకీ లేక 1980లలో మళ్లీ దొరికింది. రాతి నెర్రెల్లో, నీటి చెమ్మ ఉన్న చోట్ల ఉంటుంది. దాని గుడ్లు బండకు అతుక్కుని గుంపుగా కనిపిస్తాయి. దాన్ని పట్టుకోవడం చట్టరీత్యా నేరం. నిధి కథలు విని ఎవరైనా దాని కోసం వెతుకుతుంటే దయచేసి ఆపండి.

కప్పలకు సినిమాల్లో జరిగిన అన్యాయం వేరు. వాన పాట మొదట్లో ఒక కప్ప అరుపు, అంతే వాటి వేషం. తాకితే పులిపిర్లు వస్తాయని ఒక డైలాగు. పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. అందుకే పురుగుమందు కలిసిన నీళ్లు దానికి అంత ప్రమాదం.

ఈ సంగతులన్నీ పక్కన పెట్టి, ఎండాకాలం తర్వాత మొదటి పెద్ద వాన పడిన రాత్రి ఏదైనా పాత చెరువు గట్టుకు వెళ్లండి. పొడవు బూట్లు వేసుకుని, టార్చి పట్టుకుని. నిన్నటిదాకా బురద రంగులో ఉన్న పెద్ద కప్పల్లో మగవి నిమ్మపండు పసుపులోకి మారి ఉంటాయి. అరిచేది మగవే. అరిచినప్పుడల్లా గొంతుకు రెండు వైపులా ముదురు నీలం బుడగలు ఉబ్బుతాయి, తగ్గుతాయి, మళ్లీ ఉబ్బుతాయి. మొన్న మా చెరువు దగ్గర పదిహేడు లెక్కపెట్టాను. పద్దెనిమిదోది నీళ్లలోకి దూకింది.