కర్నల్‌ను పక్కనపెట్టి ఫైర్‌వాల్ నడపడం దేనికి?

నల్లగొండలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే మిత్రుడొకరు అడిగిన ప్రశ్న ఇది: 10 గిగాబిట్ల లైను మీద చిన్న ప్యాకెట్ల (డేటా ముక్కల) దాడి జరిగినప్పుడల్లా లినక్స్ సర్వర్‌లోని ఐపీటేబుల్స్ (కర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, ప్యాకెట్లను వడగట్టే ఫైర్‌వాల్) ఎందుకు చతికిలబడుతోంది?

64 బైట్ల ప్యాకెట్లతో నిండితే ఆ లైనులో సెకనుకు దాదాపు 1.49 కోట్ల ప్యాకెట్లు వస్తాయి. అంటే ఒక్కోదానికి దక్కేది 67 నానోసెకన్లు, 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ కోర్ లెక్కన సుమారు 200 సైకిళ్లు. అంతలోనే ప్రతి ప్యాకెట్‌కూ మెమరీ కేటాయించి, నెట్‌వర్క్ పొరలు దాటించి, నియమాలను వరుసగా సరిపోల్చడం ఒక్క కోర్‌కు సాధ్యం కాదు.

కర్నల్‌ను పక్కనపెట్టే డీపీడీకే అనే లైబ్రరీ వంటి యూజర్‌స్పేస్ (కర్నల్ బయట, మామూలు ప్రోగ్రాములు నడిచే చోటు) పద్ధతిలో నెట్‌వర్క్ కార్డు ప్యాకెట్లను నేరుగా ప్రోగ్రాము మెమరీలోనే వేస్తుంది, ప్రోగ్రాము ఇంటరప్టు (ప్యాకెట్ వచ్చిందని కార్డు పంపే సంకేతం) కోసం ఆగకుండా నిరంతరం కార్డునే చూస్తూ ఉంటుంది. మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తా వచ్చినప్పుడల్లా గుమాస్తాను పిలిచే బదులు, అతన్ని కాంటా దగ్గరే నిలబెట్టి 32 బస్తాలను ఒకే విడతలో రాయించినట్టన్నమాట. బస్తాలు రాని వేళ కూడా జీతం ఇవ్వాల్సిందే: ట్రాఫిక్ లేకపోయినా ఆ కోర్ నూరు శాతం వాడకంలోనే కనిపిస్తుంది. పైగా కార్డు కర్నల్ చేతిలో ఉండదు కనుక ఐపీటేబుల్స్‌కు గానీ ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌కు గానీ ఆ ప్యాకెట్లు కనిపించవు.

దాడి ప్యాకెట్లను పారేయడమొక్కటే అవసరమైతే, 2016లో లినక్స్ 4.8తో వచ్చిన ఎక్స్‌డీపీ అనే సౌకర్యాన్ని ముందుగా ప్రయత్నించమంటాను. అది కర్నల్‌లోనే ఉంటూ, డ్రైవరు సహకరిస్తే, పై పొరల ఖర్చు మొదలుకాక ముందే వాటిని వదిలించుకుంటుంది.