ఎం6 బోల్టుకు ఏ రాచెట్? అప్రెంటిస్‌షిప్‌కు వెళ్లే విద్యార్థికి సలహా

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు పూర్తి చేశాడు. ఒక సర్వీస్ సెంటర్‌లో అప్రెంటిస్‌షిప్ ఇంటర్వ్యూకు వెళితే, ఎం6 బోల్టుకు ఏ డ్రైవ్ రాచెట్ వాడతావని అడిగారు. సాకెట్ పడితే ఏదైనా వాడవచ్చని చెప్పాడు. ఎంపిక కాలేదు. ఇప్పుడు బస్ డిపోలో అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నిస్తున్నాడు. ఇంట్లో నేర్చుకోవడానికి ఒక సెట్టు కొనివ్వాలనుకుంటున్నాను. ఏది కొనాలి? – ఒక తండ్రి, నల్గొండ

జవాబు: మీ అబ్బాయి చెప్పిన జవాబు తప్పే, కానీ ఆ పొరపాటు ఎలా వచ్చిందో సులభంగానే అర్థమవుతుంది. ఎం6 అంటే మర ఉన్న కాడ మందం 6 మిల్లీమీటర్లు, దాని తల వెడల్పు సాధారణంగా 10 మిల్లీమీటర్లు. ఆ తలకు తొడిగే గిన్నెలాంటిది సాకెట్, దాన్ని ఒక వైపుకే పట్టుతో తిప్పే పిడి రాచెట్. 10 మిల్లీమీటర్ల సాకెట్ పావు అంగుళం డ్రైవ్‌లోనూ, 3/8 అంగుళం అంటే మూడు సూతుల డ్రైవ్‌లోనూ, అర అంగుళం డ్రైవ్‌లోనూ దొరుకుతుంది. ఎం6 బోల్టు తలకు ఆ మూడూ చక్కగా పడతాయి. కాబట్టి బోల్టు తలను చూసి సాకెట్‌ను ఎంచుకోవచ్చు గానీ రాచెట్‌ను ఎంచుకోలేము. ఆ బోల్టు ఎంత బిగింపును తట్టుకోగలదో తెలిస్తేనే రాచెట్ ఏదో తేలుతుంది. ఇంటర్వ్యూలో అడిగినవారు తెలుసుకోదలచినది ఇదేనని నా అభిప్రాయం.

సాకెట్‌లోకి వెళ్లే చదరపు మొన సైజునే డ్రైవ్ అంటారు. పావు అంగుళం డ్రైవ్ అంటే 6.35 మిల్లీమీటర్లు, అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. మొన పెద్దదవుతున్న కొద్దీ పిడి కూడా పొడవవుతుంది, అసలు చిక్కంతా అక్కడే ఉంది. 8.8 గ్రేడు (బోల్టు బలాన్ని తెలిపే అంకె) ఎం6 బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) బిగింపు చాలు. అర అంగుళం రాచెట్ పిడి 25 సెంటీమీటర్ల పొడవు ఉంటుందనుకుంటే, దాని చివర 4 కిలోల బరువు వేలాడదీసినంత బలంతోనే ఆ బిగింపు వచ్చేస్తుంది. కుర్రవాడు ఉత్సాహంగా లాగితే 20 కిలోల బలం పెట్టడం పెద్ద విషయం కాదు, అప్పుడు బోల్టు మీద పడేది 50 న్యూటన్ మీటర్లు. బోల్టు తెగిపోతుంది, లేదా అల్యూమినియం ఇంజను కేసులోని మరలు ఊడివస్తాయి. పది రూపాయల బోల్టు కోసం కేసుకు మళ్లీ మర వేయించవలసి వస్తుంది. పావు అంగుళం రాచెట్ పొట్టిగా ఉంటుంది కనుక దాన్ని పిడికిలితో కాక వేళ్లతో పట్టుకుంటాము, బోల్టు బిగుసుకుంటున్న సంగతి చేతికి తెలుస్తుంది. అదీ ఆ ప్రశ్నకు జవాబు: ఎం6కు పావు అంగుళం డ్రైవ్.

అదే 8.8 గ్రేడులో ఎం8కు దాదాపు 25, ఎం10కు 50, ఎం12కు 85, ఎం16కు 210 న్యూటన్ మీటర్లు పడతాయి. ఎం8, ఎం10 బోల్టులకు మూడు సూతుల రాచెట్ హాయిగా పనిచేస్తుంది. ఎం12 నుంచి అర అంగుళానికి మారాలి, 100 న్యూటన్ మీటర్లకు అటూఇటూగా బిగించే కారు చక్రాల నట్లు కూడా దాని పనే. చాలా బస్సుల, లారీల చక్రాల నట్లకు 500 న్యూటన్ మీటర్లు దాటిన బిగింపు కావాలి, అక్కడ ముప్పావు అంగుళం లేదా అంగుళం డ్రైవ్ తప్ప వేరేది పెట్టకూడదు. ఇవి సాధారణ లెక్కలు మాత్రమే. బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే అంతిమం.

ఇంకొక విషయంలో కూడా పిల్లలు తడబడతారు. పానా నంబరు చూసి బోల్టు సైజు చెప్పేయకూడదు. ఎం8 తలకు సాధారణంగా 13 నంబరు పడుతుంది, జపాను ప్రమాణంలో తయారైన బళ్లలో 12 పడుతుంది. ఎం10 తల 17, 16, 14 నంబర్లలో ఏదైనా కావచ్చు. మర ఉన్న కాడను కొలిస్తేనే సరైన సైజు తెలుస్తుంది.

తుప్పు పట్టి బిగుసుకున్న నట్టును విప్పడానికి రాచెట్‌కు పైపు తొడగడం చాలా చోట్ల కనిపిస్తుంది. దయచేసి ఈ అలవాటు మీ అబ్బాయికి అంటకుండా చూడండి. రాచెట్ లోపలి పళ్లు చిన్నవి, అవి ఒక్కసారిగా విరిగితే చెయ్యి వెళ్లి ఛాసీకి కొట్టుకుంటుంది. మొదటి పట్టు వదిలించడానికి లోపల పళ్లు లేని పొడవాటి పిడి, అంటే పవర్ బార్ వాడి, నట్టు కదిలాక రాచెట్ అందుకోవాలి. ఎంత బిగించామో కొలిచి చూపే టార్క్ రెంచ్‌ను విప్పడానికి అసలే వాడకూడదు.

కొనే విషయానికొస్తే, దుకాణంలో ముందుగా చూపించేది అర అంగుళం పెద్ద సెట్టే. మీ అబ్బాయి వెళ్లబోయేది బస్ డిపో కనుక అది వృథా కాదు, అయినా నేను మొదట మూడు సూతుల సెట్టునే కొనమంటాను. ఇంట్లో అతనికి అభ్యాసానికి దొరికేది మోటార్ సైకిలే కదా, అందులో ఎం6, ఎం8 బోల్టులే ఎక్కువ. ఎం6 కోసం ఒక పావు అంగుళం రాచెట్, దానికి 8, 10 నంబర్ల సాకెట్లు విడిగా తీసుకోండి. సాకెట్లు పన్నెండు మూలలవి కాకుండా ఆరు మూలలవి అడగండి, బోల్టు తల అంచులు అరగవు. డబ్బు మిగిలితే అర అంగుళం పవర్ బార్, 17, 19 నంబర్ల సాకెట్లు కొనవచ్చు. ముప్పావు అంగుళం సెట్టు మాత్రం కొనకండి, ఆ పని వచ్చినప్పుడు డిపోలో ఉన్నదే వాడతాడు.