బురద దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

ఓన్‌ఫ్లర్ అనే ఫ్రెంచి రేవుపట్టణం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ముందు పేరు సంగతి. ఇంగ్లీషు అక్షరాలు చూసి ‘హాన్‌ఫ్లూర్’ అని రాశావు. ఫ్రెంచివాళ్లు ఆ హ పలకరు.

అసలు చిక్కు వేరే ఉంది. భూగోళం ఒక పేరాలో, చరిత్ర ఇంకో పేరాలో పెట్టావు. ఈ ఊళ్లో ఆ రెంటినీ విడదీయలేం. ‘సముద్రతీర పట్టణం’ అన్నావు గానీ, ఊరున్నది సీన్ నది మొగలో, దక్షిణపు గట్టున. పోటు తోసుకొచ్చే ఇసుకా, నది తెచ్చే ఒండ్రూ అక్కడే మేట వేస్తాయి. అవతలి గట్టున ఆర్‌ఫ్లర్ రేవు పూడిపోతుంటేనే 1517లో మొదటి ఫ్రాన్స్వా రాజు కొత్త రేవుగా లె ఆవ్ర్‌కి పునాది వేయించాడు. పోను పోను పెద్ద ఓడలు అటే మళ్లాయి. గోదావరి మొగలో పూడిపోయిన కోరంగి రేవు ఎరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1608లో అన్వేషకుడు షాంప్లేన్ ‘పాత బేసిన్ నుంచి’ క్యూబెక్‌కి బయల్దేరాడన్నావు. ఊరు నిజమే, ఏడూ నిజమే, ఓడలు నిలిపే ఆ బేసినే తప్పు. ఇప్పుడు ఫొటోల్లో కనబడే బేసిన్ ఆ శతాబ్దం రెండో సగంలో, కోల్బేర్ మంత్రిగా ఉన్న రోజుల్లో రూపుకట్టింది.

ఆ బేసిన్ తలుపు గురించి ఒక్క ముక్కా రాయలేదు. నాకు అదే పెద్ద వెలితి. పోటు మీద ఉన్నప్పుడు తెరుస్తారు, నీరు తీసెయ్యకముందే మూస్తారు. లేకపోతే పడవలు బురదలో కూర్చుంటాయి. నీళ్లలో ఇళ్ల నీడల్ని అంత ముచ్చటగా వర్ణించావే, అదంతా తలుపు పుణ్యమే. ఇళ్లని ‘రంగురంగులవి’ అని వదిలేశావు. సన్నగా, ఏడంతస్తుల దాకా లేచినవి, చాలావాటికి ముఖాన పలకరాయి తొడుగు. వెనక నేల మిట్ట కాబట్టి కింది భాగానికి రేవు వైపు గుమ్మం, పై భాగానికి వెనక వీధిలో గుమ్మం.

సేంత్ కాత్రీన్ చర్చి ‘బోర్లించిన ఓడలా ఉంది’ అని అందరూ అనేదే. ఎందుకో చెప్పు. ఇంగ్లండుతో నూరేళ్ల యుద్ధం ముగిశాక, 15వ శతాబ్దం రెండో సగంలో, ఓడలు చేసే వడ్రంగులు కర్రతో కట్టారు. వాళ్ల చేతికి అలవాటైన కప్పు అది. జనం పెరిగాక పక్కనే అలాంటిదే ఇంకోటి కలిపారు. గంట గోపురం మాత్రం చర్చిని అంటకుండా, దారికి అవతల విడిగా ఉంటుంది.

ఉప్పు కొట్లకి రెండు వాక్యాలు చాలు: మూడు కడితే రెండు మిగిలాయి, ఆ ఉప్పంతా కాడ్ చేపల్ని నిలవబెట్టడానికి. 1995లో తెరిచిన నార్మండీ వంతెన కొలతలు తీసెయ్, ఈ వ్యాసానికి అవి బరువు.

మొదటి వాక్యాన్ని పాటు వేళ, తలుపుకి బయట, బురద తేలిన చోట పెట్టి చూడు. వచ్చే వారంలోగా పంపు.

ఆశీస్సులతో.